అమెరికా, జపాన్ ప్లైవుడ్ దిగుమతులు: రెండు గీతల్ని పోల్చే ముందు దుంగ ఎక్కడ ఒలిచారో చూడండి

మీరు అడిగింది ఇదీ: 1990 నుంచి ఇప్పటిదాకా అమెరికా, జపాన్ ప్లైవుడ్ దిగుమతుల విలువని డాలర్లలో ఒకే గ్రాఫ్ మీద గీశారు. జపాన్ గీత కిందామీదా పడుతూ మొత్తమ్మీద దిగిపోయింది. అమెరికా గీత 2006 దాకా లేచి, 2009లో కుప్పకూలి, మళ్ళీ లేచింది. "జపాన్‌లో ప్లైవుడ్ వాడకం పడిపోయింది, అమెరికాలో పెరిగింది అని రాసెయ్యొచ్చా?"

అమెరికా గురించి సగం రాయొచ్చు. జపాన్ గురించి మాత్రం అలా రాయకండి, తప్పవుతుంది. చెక్క దిగుమతుల లెక్కలతో చాలా ఏళ్ళు కుస్తీ పట్టినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ప్లైవుడ్ ఎలా తయారవుతుందో గుర్తు చేసుకోండి. దుంగని నానబెట్టో ఆవిరి పట్టో మెత్తబరిచి, లేత్‌కి బిగించి గుండ్రంగా తిప్పుతారు. దుంగ పొడవునా ఉండే కత్తిని దానికి ఆనిస్తే, చాప చుట్ట విప్పినట్టు పల్చటి పొర విడిపోతూ వస్తుంది. అదే వెనీర్. దాన్ని ఆరబెట్టి, జిగురు రాసి, ఒక పొర నిలువుగా, దాని మీద పొర అడ్డంగా పేర్చి వేడి ప్రెస్‌లో నొక్కితే షీట్ తయారు. అంటే ఒకే చెట్టు మూడు రకాలుగా సరిహద్దు దాటగలదు: దుంగగా, వెనీర్‌గా, షీట్‌గా. కస్టమ్స్ వాళ్ళ పుస్తకంలో దుంగది 4403, వెనీర్‌ది 4408, ప్లైవుడ్‌ది 4412. మీరు గీసింది 4412 ఒక్కటే. ఒలిచే పని ఏ దేశంలో జరిగిందన్నదాన్ని బట్టి ఆ అంకె పెరుగుతుంది, తరుగుతుంది. వాడకంలో ఒక్క షీటు తేడా లేకపోయినా సరే.

జపాన్ కథ అంతా ఇదే. యుద్ధం తర్వాత జపాన్ మిల్లులు ఫిలిప్పీన్స్ నుంచి లవాన్ అనే ఉష్ణమండల చెట్ల దుంగలు తెచ్చుకుని స్వదేశంలో ఒలిచేవి. వాళ్ళ అవసరాలకే కాదు, ఎగుమతికి కూడా. 1950ల్లో అమెరికాకి హార్డ్‌వుడ్ (వెడల్పాటి ఆకుల చెట్ల కలప) ప్లైవుడ్ అమ్మినవాళ్ళలో ముందున్నది జపానే! మీ గ్రాఫ్‌ని అక్కణ్ణుంచి మొదలుపెడితే ఒక గీత రెండో గీతకి సరుకు అమ్ముతున్నట్టు ఉంటుంది. ఫిలిప్పీన్స్ అడవులు కరిగిపోయాక దుంగలు ఇండోనేషియా నుంచీ, మలేషియాలోని సబా, సరవాక్ నుంచీ వచ్చాయి. అంతకాలం జపాన్ ప్లైవుడ్ దిగుమతి పెద్ద అంకె కాదు. వాడకం బ్రహ్మాండంగా ఉంది, కానీ అది 4403 కింద దుంగలుగా దిగింది.

తర్వాత ఇండోనేషియా దుంగల ఎగుమతిని అంచెలంచెలుగా బిగించి, 1985కల్లా పూర్తిగా ఆపేసింది. దుంగ కాదు, షీటే కొనుక్కోండి అంది. అక్కడ ఆప్కిండో అనే మిల్లుల సంఘం, దాని వెనక అప్పటి దేశాధ్యక్షుడు సుహార్తోకి ఆప్తుడైన బాబ్ హసన్, ఎవరు ఎంత ఎగుమతి చెయ్యాలో, ఏ ధరకి అమ్మాలో శాసించేవాళ్ళు. జపాన్ మార్కెట్టు మీదే వాళ్ళ కన్నంతా. 1980ల చివరి నుంచి జపాన్ ప్లైవుడ్ దిగుమతి నిటారుగా లేచింది. 1990ల మధ్యకి ఏటా 40 లక్షల ఘనపు మీటర్లు దాటింది. ఆ పెరుగుదలని చూసి "జపాన్‌కి ప్లైవుడ్ మోజు పట్టింది" అని రాసినవాళ్ళున్నారు. నిజానికి జరిగిందేమిటంటే లేత్ సముద్రం దాటి ఇండోనేషియాలోని కలిమంతాన్‌కి వెళ్ళింది. జపాన్‌లో దుంగలు ఒలిచే మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. 1993లో సబా కూడా దుంగల ఎగుమతి ఆపడంతో ఆ వేగం ఇంకా పెరిగింది.

మీ గ్రాఫ్ మొదలయ్యేది ఈ ఎక్కుడు చాలావరకు అయిపోయి, శిఖరం దగ్గరపడుతున్నప్పుడు. ఇక్కడే మోసపోయారు. 1990 నుంచి చూస్తే జపాన్ గీత దిగుతున్నట్టే ఉంటుంది. 1975 నుంచి చూస్తే ఎక్కి దిగిన కొండలా ఉంటుంది. దుంగల్ని కూడా కలిపితే మూడో ఆకారం వస్తుంది.

దిగడానికి కారణం కూడా వాడకం ఒక్కటే కాదు. జపాన్‌లో కొత్త ఇళ్ళ నిర్మాణం తగ్గింది, అది నిజం: 1990లో 17 లక్షల ఇళ్ళు మొదలుపెట్టారు, 2009లో 7 లక్షల 88 వేలు. కానీ అంతకంటే ఆసక్తికరమైనది మిల్లుల్లో జరిగింది. ఉష్ణమండల దుంగలు అందకపోయేసరికి, మిగిలిన మిల్లులు సైబీరియాలో పెరిగే లార్చ్ చెట్ల దుంగలకి మారాయి. లార్చ్, పైన్ లాంటి సూదాకు చెట్ల కలపని, అంటే సాఫ్ట్‌వుడ్‌ని, ఒలవడానికి యంత్రాలు మార్చుకున్నాయి. అంతలో 2007 జులైలో రష్యా దుంగల మీద ఎగుమతి సుంకాన్ని 20 శాతానికి, 2008 ఏప్రిల్‌లో 25 శాతానికి పెంచింది. దాన్ని 80 శాతం చేస్తామని కూడా చెప్పింది. ఆ బెదిరింపు అమలు కాలేదు గానీ జపాన్ మిల్లులకి అది చాలు. యుద్ధం తర్వాత వాళ్ళ కొండల మీద నాటిన సుగీ అనే సూదాకు చెట్లు అప్పటికి కోతకి వచ్చి ఉన్నాయి. సన్న దుంగని కూడా చివరంటా ఒలిచే లేత్‌లు వచ్చాయి. 2000 నాటికి జపాన్ ప్లైవుడ్ మిల్లులకి వెళ్ళే దుంగల్లో స్వదేశీ వాటా పదింట ఒక వంతు కూడా లేదు, 2010ల చివరికి అది పదింట ఎనిమిది వంతులు దాటింది. ఇరవై ఏళ్ళలో ఒక పరిశ్రమ తన ముడిసరుకుని ఇలా తలకిందులు చేసుకోవడం నేను మరోచోట చూడలేదు.

అంటే 2000 తర్వాత దిగుతున్న జపాన్ గీతలో కొంత భాగం ఇళ్ళు తగ్గడం, చాలా భాగం లేత్ మళ్ళీ స్వదేశానికి రావడం. పైగా ఇళ్ళలో ప్లైవుడ్ వాడే తీరు కూడా మారింది. 24, 28 మిల్లీమీటర్ల మందపు ప్లైని నేల కింద నేరుగా పరచడం, భూకంపాలకి తట్టుకోవడానికి గోడలకి బరువు మోసే స్ట్రక్చరల్ ప్లై కొట్టడం మామూలైంది. ఇంటికి పట్టే ప్లైవుడ్ తగ్గలేదు, అది స్వదేశీ షీటు అయింది. దిగుమతి షీటుకి మిగిలిన పెద్ద చోటు కాంక్రీటు పని. స్లాబులు, గోడలు పోసేటప్పుడు కట్టే సెంట్రింగ్‌కి 12 మిల్లీమీటర్ల ఉష్ణమండల ప్లై ఇప్పటికీ సరవాక్, ఇండోనేషియాల నుంచే ఎక్కువగా వస్తుంది. టోక్యో ఒలింపిక్స్ స్టేడియం కడుతున్నప్పుడు సరవాక్ షీట్లు అక్కడ కనిపించాయని పర్యావరణ సంఘాలు గొడవ చేసింది ఈ రకం గురించే. 2020 దగ్గరికి మొత్తం దిగుమతి 1990ల మధ్య నాటి అంకెలో సగం దరిదాపులకి దిగింది.

మీ గీతలో 2011 దగ్గర పైకి పొడుచుకొచ్చిన గుర్తు ఉంటుంది చూడండి. ఆ మార్చిలో సునామీ వచ్చి ఇషినోమాకి లాంటి ఈశాన్య తీర పట్టణాల్లోని ప్లైవుడ్ మిల్లుల్ని ముంచేసింది. దేశంలో ఉత్పత్తి పడిపోయింది, షీట్ల కోసం కొనుగోలుదారులు ఎగబడ్డారు, దిగుమతి లేచింది. వాడకం ఆ నెలల్లో ఏమీ ఎగబాకలేదు. పునర్నిర్మాణం మొదలైంది ఆ తర్వాత. మిగతా చిన్న చిన్న గుట్టల్లో కొన్ని వినియోగ పన్ను పెంపు ముందు జనం ఇళ్ళు తొందరగా మొదలుపెట్టడం వల్ల వచ్చినవి: 1997, 2014 ఏప్రిల్ నెలలకి ముందు చూడండి.

ఇక అమెరికా. ఇక్కడ వాడకానికీ దిగుమతికీ సంబంధం కాస్త నేరుగా ఉంటుంది, అందుకే సగం రాయొచ్చన్నాను. కొత్త ఇళ్ళు 2005లో 20 లక్షల 70 వేలు, 2009లో 5 లక్షల 54 వేలు. దిగుమతి గీత దాన్ని నీడలా వెంబడించింది. కానీ ఆ దిగుమతి ఇంటి గోడల కోసం, కప్పు కోసం కాదు. గోడలకీ కప్పుకీ అక్కడ వాడే సాఫ్ట్‌వుడ్ ప్లై చాలావరకు స్వదేశంలోనే తయారవుతుంది, దాని స్థానాన్ని కూడా 2000 ప్రాంతానికి ఓఎస్‌బీ (చెక్క పేళ్ళని జిగురుతో నొక్కి చేసే పలక) ఆక్రమించేసింది. కెనడా నుంచి లారీలూ రైళ్ళూ నిండా వచ్చే ఆ ఓఎస్‌బీ 4410 కింద నమోదవుతుంది, 4412లో ఒక్క డాలరు కూడా కనపడదు. అమెరికా 4412లో మీకు కనిపించేది ఎక్కువగా వంటింటి కేబినెట్లకి, ఫర్నిచర్‌కి, ఫ్లోరింగ్‌కి, ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారయ్యే క్యాంపర్ వాహనాల గోడలకి వెళ్ళే హార్డ్‌వుడ్ ప్లై. బ్రెజిల్ నుంచి పైన్ ప్లై కూడా వస్తుంది, ఇళ్ళ ధరలు మండినప్పుడల్లా ఎక్కువగా. అంటే జపాన్ గీత కింద కాంక్రీటు ఉంది, అమెరికా గీత కింద కేబినెట్టు ఉంది. ఈ రెండింటినీ ఒకే 'ప్లైవుడ్' అని పిలవడం కస్టమ్స్ వాళ్ళ సౌకర్యం కోసం.

మరో చిక్కు. పొరలు అతికించి చేసిన ఫ్లోరింగ్ పలకల్లో చాలా రకాలు అమెరికా టారిఫ్‌లో 4412 కిందే దిగాయి. జపాన్‌తో పోల్చే ముందు అమెరికా పది అంకెల కోడ్‌ల దాకా వెళ్ళి ఫ్లోరింగ్‌ని విడదీయండి. అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ (యూఎస్‌ఐటీసీ) నడిపే డేటావెబ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

2018 తర్వాత అమెరికా గీత మొత్తం అంకెలో పెద్దగా చెప్పదు, దేశాలవారీగా చీలిస్తేనే కథ బయటికొస్తుంది. చైనా హార్డ్‌వుడ్ ప్లై మీద అమెరికా మిల్లులు 2012లో ఫిర్యాదు చేస్తే, 2013 నవంబర్లో అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ నష్టం జరగలేదని కొట్టేసింది. 2016లో మళ్ళీ ఫిర్యాదు. ఆ ఏడాది చైనా నుంచి వచ్చిన ఆ సరుకు విలువ సుమారు 112 కోట్ల డాలర్లు. ఈసారి ఫిర్యాదు నెగ్గింది. మరీ చవగ్గా అమ్మారని వేసే యాంటీ డంపింగ్ సుంకం 183.36 శాతం, దాని మీద సబ్సిడీకి విరుగుడు సుంకం కనీసం 22.98 శాతం, కొందరికి 194.90 శాతం. 2018 జనవరి నుంచి ఉత్తర్వులు అమలు. సరుకు ధర కంటే సుంకమే ఎక్కువైతే ఇక ఏ ఓడ వస్తుంది? చైనా గీత నేల మీద పడింది. వియత్నాం, ఇండోనేషియా, కంబోడియాల గీతలు లేచాయి. మొత్తం మాత్రం పెద్దగా కదల్లేదు.

ఇక్కడ కూడా అదే ప్రశ్న అడగండి: దుంగ ఎవరు ఒలిచారు? వియత్నాం ఎగుమతి చేసిన షీట్లలో చైనాలో ఒలిచిన పొరలు ఉన్నాయని, అక్కడ అతికించి పంపుతున్నారని అమెరికా వాణిజ్య శాఖ 2020లో విచారణ మొదలుపెట్టి, 2023లో కొన్ని రకాల విషయంలో అవునని తేల్చింది. మీకు చెయ్యడానికి సులువైన పరీక్ష ఉంది. వియత్నాం అమెరికాకి అమ్మిన 4412, అదే ఏళ్ళలో వియత్నాం చైనా నుంచి కొన్న 4408, ఈ రెండింటినీ ఒకదాని కింద ఒకటి గీయండి. రెండూ చెట్టపట్టాలేసుకుని నడుస్తుంటే ఆ 'వియత్నాం' అన్న పేరుని కాస్త అనుమానంగా చూడాల్సిందే. జపాన్ విషయంలోనూ 4408 అవసరమే. దుంగ ఎగుమతి కష్టమయ్యాక రష్యా నుంచి లార్చ్ వెనీర్‌గా వచ్చేది, 2022 మార్చిలో రష్యా దాన్ని జపాన్‌తో సహా తనకి పడని దేశాలకి ఆపేసింది. అప్పుడు కొన్ని జపాన్ మిల్లులకి ఫేస్ వెనీర్ (షీటు పైకి కనిపించే పొర) దొరక్క నానా హైరానా అయింది. 4412 గీతలో ఈ కుదుపు కనపడదు.

ఇప్పుడు డాలర్ల సంగతి. విలువతో పోల్చడం నాకు ఎప్పుడూ టెన్షనే. జపాన్ కస్టమ్స్ దిగుమతి విలువని ఓడ కిరాయి, బీమా కలిపి, యెన్లలో నమోదు చేస్తుంది. మీరు డాలర్లలో చూసేది ఎవరో మార్చిపెట్టిన అంకె. అమెరికా మామూలుగా చూపించేది కస్టమ్స్ విలువ, అందులో ఓడ కిరాయి ఉండదు. కిరాయి కలిపిన విలువ కూడా వాళ్ళ దగ్గర ఉంది, వెతికి తీసుకోవాలి. మామూలు రోజుల్లో ఈ తేడాతో పెద్ద ప్రమాదం ఉండదు. 2021లో కంటెయినర్ కిరాయిలు కొండెక్కినప్పుడు మాత్రం, ఒకే ధరకి కొన్న ఒకే షీటు జపాన్ లెక్కలో ఎక్కువగా, అమెరికా లెక్కలో తక్కువగా కనిపించింది. మీ గ్రాఫ్‌లో ఆ ఏడాది జపాన్ ముక్కు పైకి లేచి ఉంటే అందులో కొంత చెక్క కాదు, ఓడ.

కాబట్టి ఘనపు మీటర్లకి మారండి. అయితే అక్కడా ఒక గుంట ఉంది, నేను స్వయంగా పడ్డాను. కొత్తలో ఒక వర్తక సర్క్యులర్‌లోని అమెరికా అంకెల్ని, అవి వెయ్యి చదరపు అడుగుల్లో ఉంటే, ఘనపు మీటర్లకి మార్చాను. అమెరికా సాఫ్ట్‌వుడ్ వాళ్ళు 3/8 అంగుళం మందాన్ని ప్రమాణంగా పెట్టుకుంటారు, ఆ లెక్కన వెయ్యి చదరపు అడుగులు 0.885 ఘనపు మీటరు. అదే గుణకం పెట్టేశాను. సర్క్యులర్‌లో ఉన్నది ఒట్టి ఉపరితలం లెక్క, సరుకేమో 2.7 మిల్లీమీటర్ల పల్చటి లవాన్. ఫలితం ఉన్నదానికి మూడున్నర రెట్లు. పై అధికారి గ్రాఫ్ చూసి "ఇంత చెక్క ఏ ఓడలో వచ్చిందయ్యా?" అని అడిగేదాకా నాకు తెలియలేదు.

మందం ఎంత ముఖ్యమో ఒక్కసారి చేత్తో లెక్కేసి చూడండి. అమెరికాలో వాడే షీటు 4 అడుగులకి 8 అడుగులు. 2.7 మిల్లీమీటర్లదైతే ఒక ఘనపు మీటరుకి దాదాపు 124 షీట్లు, 18 మిల్లీమీటర్లదైతే పందొమ్మిది కూడా రావు. జపాన్ సెంట్రింగ్ షీటు 900కి 1800 మిల్లీమీటర్లు, 12 మందం: ఘనపు మీటరుకి సుమారు 51. పల్చటి షీటుకి ఒలుపూ, జిగురూ, పనీ ఎక్కువ కాబట్టి ఘనపు మీటరు ధర కూడా ఎక్కువ. అందువల్ల విలువని పరిమాణంతో భాగించి "అమెరికా ఎక్కువ ధరకి కొంటోంది" అని తేల్చకండి. వేరే వస్తువు కొంటోంది, అంతే.

కోడ్‌ల గురించి క్లుప్తంగా. 4412 అనే నాలుగంకెల శీర్షిక కాలంతోపాటు పెద్దగా చెదరలేదు, ఆరంకెల దగ్గరే గందరగోళం. 2007లో 4412 తర్వాతి రెండంకెల్లో పాత 13, 14, 19 పోయి 31, 32, 39 వచ్చాయి. 2017లో 32 చీలి 33, 34 అయింది. 2022లో పొరలన్నీ ఒకే దిశలో అతికించి చేసే ఎల్‌వీఎల్ దూలాలకి వేరే 41, 42, 49 ఇచ్చారు. సాఫ్ట్‌వుడ్‌ని మాత్రమే చూడాలంటే 39 పట్టుకోండి, ముందటి ఏళ్ళకి 19. ఉష్ణమండల రకాల గీత 2007 దగ్గరో 2017 దగ్గరో ఉన్నట్టుండి తెగితే మార్కెట్టులో కారణం వెతక్కండి, కోడ్ పట్టికలో వెతకండి. 1988కి ముందు ఈ కోడ్‌ల పద్ధతే లేదు. అక్కడికి వెళ్ళాలంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వాళ్ళ అటవీ గణాంకాలు వాడండి, 1961 నుంచి ఘనపు మీటర్లలో ఉంటాయి.

మీ స్థానంలో నేనైతే ఇలా గీస్తాను. ఒక్కో దేశానికి ఒక్కో బొమ్మ, పక్కపక్కన, ఘనపు మీటర్లలో, 1961 నుంచి. ప్రతి బొమ్మలో మూడు పొరలు: దిగుమతైన ప్లైవుడ్, స్వదేశంలో దిగుమతి దుంగలతో చేసిన ప్లైవుడ్, స్వదేశీ దుంగలతో చేసిన ప్లైవుడ్. అమెరికాకి మధ్య పొర దాదాపు ఉండదు. జపాన్ దుంగల లెక్కని ప్లైవుడ్‌లోకి మార్చడానికి, ఒక ఘనపు మీటరు ప్లైకి సుమారు రెండు నుంచి రెండున్నర ఘనపు మీటర్ల దుంగ పడుతుందని అనుకోండి. సాఫ్ట్‌వుడ్‌కీ ఉష్ణమండల కలపకీ ఇది కాస్త మారుతుంది. దుంగలన్నీ ప్లై మిల్లుకే పోవు, కోత మిల్లులకీ పోతాయి. జపాన్ వ్యవసాయ శాఖ గణాంకాల్లో ప్లైవుడ్‌కి వెళ్ళిన దుంగల్ని విడిగా చూపిస్తారు, అవే తీసుకోండి. దేశం మొత్తం దుంగల దిగుమతిని తెచ్చి పెట్టొద్దు.

అప్పుడు గ్రాఫ్ కింద ఇలా రాసుకోవచ్చు: "జపాన్ వాడే ప్లైవుడ్‌లో దిగుమతి షీటు స్థానం 1980ల చివర్లో దిగుమతి దుంగ నుంచి వచ్చింది, 2000 తర్వాత స్వదేశీ సుగీకి పోయింది. అమెరికా దిగుమతి ఇళ్ళ నిర్మాణంతో పాటు ఎక్కి దిగింది, 2018 నుంచి సరుకు వచ్చే దేశాలు మారాయి." వాడకం పెరిగిందా తగ్గిందా అన్నది మూడు పొరలూ కలిపిన పై అంచు చెబుతుంది. అది గీశాక ఇక్కడ పెట్టండి, చూద్దాం. 2007లో జపాన్ గీత ఎందుకంత పడిందని మీరు అడగబోతారని నాకు తెలుసు, ఇప్పుడే చెప్పేస్తాను: ఆ జూన్‌లో వాళ్ళు భవన నిర్మాణ చట్టాన్ని బిగించారు, అనుమతులు నెలల తరబడి ఇరుక్కుపోయాయి, అప్పటికే తెప్పించిన షీట్లు రేవుల్లోని గిడ్డంగుల్లో పేరుకుపోయి ఉన్నాయి.